పండుగ కానుక సంచిలో పడ్డాక ఏమవుతుంది?

క్రిస్మస్‌కో ఈస్టర్‌కో చాలా చర్చిల్లో మామూలు కానుకల సంచి వెనకాలే ఇంకో సంచి తిరుగుతుంది. మొదటిది సంఘం నడవడానికి: కరెంటు బిల్లు, పాస్టరుగారి జీతం, కారుతున్న పైకప్పు. రెండోది ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకి. వేసేవాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లెక్కల పుస్తకంలో మాత్రం వాటికి పొంతన లేదు. మొదటి సంచిలో పడ్డది సంఘం సొమ్ము, ఎక్కడ ఖర్చు పెట్టాలో కమిటీ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. రెండో సంచిలో పడ్డది ఎవరికి చేరాలో సంచి బయలుదేరక ముందే తేలిపోయింది. సంఘం దాన్ని చేరవేస్తుంది, అంతే.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే పండుగ కానుకల చుట్టూ ఉండే నియమాలన్నీ ఎందుకున్నాయో తెలుస్తుంది. వీటి మీద లేచే గొడవలు చాలామటుకు ఎవరో జేబులో వేసుకోవడం వల్ల వచ్చేవి కావు. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దులో కలిసిపోవడం వల్ల వచ్చేవి.

ఇది కొత్త తలనొప్పి కూడా కాదు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు మాసిదోనియ, అకయ సంఘాల నుంచి చందా పోగుచేసినప్పుడే ఈ చిక్కులున్నాయి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయంలో ఆయన చేసిన ఏర్పాటు చూడండి. ప్రతి ఆదివారం ఎవరి రాబడిని బట్టి వాళ్లు కొంత పక్కన పెట్టాలి, తాను వచ్చాక వసూళ్ల హడావుడి ఉండకూడదు. డబ్బు పట్టుకెళ్లేవాళ్లని ఇచ్చినవాళ్లే ఎంచుకోవాలి, తాను పత్రాలిచ్చి పంపుతాడు. రెండో పత్రిక 8వ అధ్యాయంలో, సంఘాలు ఎన్నుకున్న ఒక సహోదరుణ్ని కూడా తోడు పంపుతున్నానంటాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సవ్యంగా ఉండాలని ఆయన పట్టుదల. ఇవాళ్టి ఆడిటరు అడిగేది ఇంతకు మించి పెద్దగా ఏమీ ఉండదు. పంపిణీ దగ్గర వచ్చే చిక్కు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో కనిపిస్తుంది: రోజువారీ పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రని పట్టించుకోవడం లేదని సణుగుడు మొదలైతే, ఆ పని కోసమే ఏడుగురిని నియమించారు. రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ మార్టిర్ రాసిన దాన్ని బట్టి, ఆదివారం వచ్చిన కానుక కూటాన్ని నడిపించే పెద్ద దగ్గర జమయ్యేది. దానితో ఆయన అనాథల్ని, విధవరాండ్రని, రోగుల్ని, చెరసాలలో ఉన్నవాళ్లని, పరదేశుల్ని ఆదుకునేవాడు.

దీన్ని పండుగకి ముడిపెట్టడం వెనక భక్తితో పాటు లెక్క కూడా ఉంది. ఆ రోజు చర్చికి ఎక్కువమంది వస్తారు, ఏడాదికోసారి కనిపించేవాళ్లతో సహా. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకి చెందిన జోసెఫ్ మెక్‌ఫీ 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెయ్యిమంది పేదలకి క్రిస్మస్ భోజనం పెట్టడానికని జనం తిరిగే చోట ఒక కుండ వేలాడదీశాడు. ఇప్పుడు డిసెంబరులో ఎన్నో దేశాల్లో కనిపించే విరాళాల ఎర్ర కెటిల్‌కి మూలం అదే. కాకపోతే ఏడాదికోసారి వచ్చేవాళ్లకి ఏ సంచి దేనికో, ఏ కవరు దేనికో తెలియదు. కలగాపులగం అక్కడే మొదలవుతుంది.

పేరు చూసి ఊహించకండి

పండుగ పేరు పెట్టుకున్న ప్రతి కానుకా పేదల కోసం కాదు. అమెరికాలో సదరన్ బాప్టిస్టు సంఘాల లాటీ మూన్ క్రిస్మస్ కానుకనే తీసుకోండి. చైనాలో మిషనరీగా ఉన్న లాటీ మూన్ విజ్ఞప్తి మీద 1888లో ఆ సంఘాల స్త్రీలు 3,315 డాలర్లు పోగుచేశారు, ముగ్గురు మిషనరీలని పంపడానికి అది సరిపోయింది. 1918లో దానికి ఆమె పేరు పెట్టారు. ఈనాటికీ అది విదేశాల్లోని మిషనరీ పనికే వెళ్తుంది. ఇందులో దాపరికమేమీ లేదు, కవరు మీదే ఉంటుంది. క్రిస్మస్ అనగానే అన్నదానం అనుకుని వేసేవాళ్లదే పొరపాటు.

పీటర్స్ పెన్స్ సంగతి ఇంకొంచెం చిక్కు. పేతురు, పౌలుల పండుగ అయిన జూన్ 29 దరిదాపుల్లో కథోలిక విచారణల్లో, అంటే స్థానిక చర్చిల్లో, ఈ కానుక పడతారు. పోప్‌గారి దానధర్మాలకని చాలామంది వేస్తారు. నిజానికి ఆయన పరిపాలనా యంత్రాంగం నడవడానికి కూడా అది ఉద్దేశించినదే. 2021 సంవత్సరానికి వెలువడిన లెక్కల్లో వచ్చింది సుమారు 4.69 కోట్ల యూరోలు, ఖర్చయింది 6.53 కోట్లు. ఆ ఖర్చులో పోప్ కార్యాలయాల పనికి వెళ్లింది 5.55 కోట్లు, నేరుగా సాయానికి వెళ్లింది 98 లక్షలు. నిబంధన ప్రకారం ఇందులో తప్పు లేదు. కానీ వేసినవాళ్ల మనసులో ఉన్న వాటాలు ఇవి కావు, అందుకే దీని మీద ఏళ్ల తరబడి విమర్శలొచ్చాయి. వాటాలు ముందే చెప్పి ఉంటే అందులో సగం విమర్శలు పుట్టేవే కావు.

ముందే చెప్పేసిన కానుకలూ ఉన్నాయి. శుభ శుక్రవారం నాడు పవిత్ర భూమి కోసం పట్టే కానుకలో 65 శాతం అక్కడి ఫ్రాన్సిస్కన్ సన్యాసుల సభ వారికి, 35 శాతం రోములోని తూర్పు సంఘాల విభాగానికి వెళ్తుంది. 1974లో ఆరవ పౌలు పోప్‌గారి పత్రం తర్వాత దీన్ని ఇలా క్రమబద్ధం చేశారు. క్యాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ తపస్సు కాలంలో, అంటే ఈస్టర్ ముందటి నలభై రోజుల శ్రమకాలంలో, ఇళ్లకి పంచే రైస్ బౌల్ అనే విరాళాల అట్టపెట్టె 1975లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌లో మొదలైంది. అందులో 25 శాతం అదే మేత్రాసనంలోని (బిషప్‌గారి పరిధిలోని) ఆకలి నివారణ పనులకి ఆగుతుంది, 75 శాతం విదేశాలకి వెళ్తుంది. అమెరికా ప్రెస్బిటేరియన్ సంఘం ఈస్టర్ సమయంలో పట్టే వన్ గ్రేట్ అవర్ ఆఫ్ షేరింగ్ కానుకని చాలా ఏళ్లపాటు ఆకలి పనికి 36, విపత్తు సాయానికి 32, పేదలు తమంతట తాము నిలదొక్కుకునే పథకాలకి 32 శాతంగా పంచారు. అదే సంఘపు పెంతెకోస్తు కానుకలో 40 శాతం స్థానిక సంఘంలోనే ఉండిపోయేది. జర్మనీలో ఒక్కో కాలానికి ఒక్కో సంస్థ స్థిరపడిపోయింది: శ్రమకాలంలో 1958లో మొదలైన మిజేరియోర్, క్రిస్మస్‌కి ముందటి ఆగమన కాలంలో 1959 నాటి బ్రోట్ ఫ్యూర్ డీ వెల్ట్, క్రిస్మస్‌కి లాటిన్ అమెరికా కోసం 1961 నాటి అడ్వేనియాట్.

వాటాలు పెట్టుకోవడం మంచి పద్ధతి. స్థానికంగా కొంత మిగిల్చితే దూరం పంపే కానుక మీద ఊళ్లోవాళ్లకి ఉండే గొణుగుడు తగ్గుతుంది, ఊళ్లో అవసరానికీ చేతిలో కొంత ఉంటుంది. 25 నుంచి 40 శాతం మధ్య ఎక్కడ ఆపినా ఫరవాలేదు. సగం దాటితే మాత్రం బయటికి పంపే కానుక అని చెప్పుకోవడంలో అర్థం ఉండదు.

నూటికి నూరూ చేరుతుందనే మాట

కరపత్రాల్లో ఎక్కువగా కనిపించే వాగ్దానం ఇది. ఎక్కడా ఖర్చు లేదని దీని అర్థం కాదు. ఆ ఖర్చు ఇంకెవరో పెట్టుకున్నారని అర్థం. యునైటెడ్ మెథడిస్టు సంఘపు సహాయ సంస్థ అమ్‌కోర్ 1940లో ఏర్పడింది. విపత్తులకి ఎవరైనా పేరు పెట్టి ఇచ్చిన డబ్బు పూర్తిగా ఆ పనికే వెళ్తుందని అది చెప్పగలదు, ఎందుకంటే జీతాలు, ఆఫీసు, ఆడిటు ఖర్చులకి ఏడాదికోసారి అమ్‌కోర్ ఆదివారం పేరుతో శ్రమకాలంలో వేరే కానుక పడతారు. పూర్వం ఆ ఆదివారాన్ని కూడా వన్ గ్రేట్ అవర్ ఆఫ్ షేరింగ్ అనేవారు. ఆ ఒక్క కానుక తగ్గితే మిగతా వాటి నూటికి నూరు మాట నిలబెట్టుకోవడం కష్టం. ఖర్చుల కానుకకి ఆకర్షణ ఉండదు, బిడ్డ ఫొటో ఉండదు, వరద ఫొటో ఉండదు. అయినా తెలిసినవాళ్లు ముందు దానికే ఇస్తారు.

ఎవరైనా ఈ మాట అంటే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మరి ఖర్చులు ఏ పద్దులోంచి? జవాబు వెంటనే వస్తే నిశ్చింతగా ఇవ్వచ్చు.

స్థానిక సంఘంలో ఇదే ప్రశ్న చిన్న లెక్కగా ఎదురవుతుంది. కవర్లలో, సంచిలో, ఆన్‌లైన్‌లో కలిపి 1,00,000 వచ్చిందనుకుందాం. 40 శాతం ఇక్కడ, 60 శాతం బయటికి అని ప్రకటించారు. కవర్లు, కరపత్రాలు అచ్చు వేయించడానికి 4,000 అయింది. కోశాధికారి అలవాటు చొప్పున ముందు ఖర్చు తీసేసి, మిగిలిన 96,000లో 60 శాతం, అంటే 57,600 పంపాడు. చెప్పిన మాట ప్రకారం వెళ్లాల్సింది 60,000. అచ్చు ఖర్చులో 2,400 ఎక్కడో కూడు లేనివాడి మీద పడిందన్నమాట. ఆన్‌లైన్ చెల్లింపుల మీద కోసుకునే రుసుముదీ ఇదే కథ: బ్యాంకులో పడేది కోత పోగా మిగిలింది, ఇచ్చినవాళ్లకి రశీదు వెళ్లేది పూర్తి మొత్తానికి. రుసుమైనా అచ్చు ఖర్చైనా జనరల్ ఫండ్‌లోంచి, అంటే మొదటి సంచి డబ్బులోంచి, పెట్టుకోవడమే తిన్నని దారి. పెట్టుకోలేకపోతే ఖర్చులు పోను అని ముందే కవరు మీద వేయాలి.

ప్రకటన దగ్గరే సగం పని

ప్రకటన చేయక ముందు కమిటీ మినిట్స్‌లో తీర్మానం రాసుకోవాలి. అందులో ఐదు సంగతులు ఉండాలి: దేనికోసం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వాటాలు ఎలా, ఖర్చులు ఎక్కడినుంచి, అనుకున్నదానికంటే ఎక్కువొచ్చినా ఆ అవసరం తీరిపోయినా మిగిలింది ఎటు. మొదటి నాలుగూ ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ఐదోదే అందరూ మర్చిపోతారు, తర్వాత పీకకి చుట్టుకునేదీ అదే.

ఉద్దేశం మరీ వెడల్పుగా పెడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మరీ ఇరుగ్గా పెడితే చేతులు కట్టేసినట్టవుతుంది. ఫలానా కుటుంబానికి శస్త్రచికిత్స కోసం అని క్రిస్మస్ కానుక ప్రకటించారనుకోండి. ఆసుపత్రివాళ్లు బిల్లు తగ్గించినా, దాత ఇంకొకరు ముందే కట్టేసినా, ఆ డబ్బుని పక్కింటి రోగికి ఇవ్వడానికి వీల్లేదు. పైగా అమెరికా వంటి దేశాల్లో పేరు పెట్టి ఒక వ్యక్తికని ఇచ్చిన కానుకకి పన్ను మినహాయింపు కూడా రాదు. అదే మాటని కొంచెం మార్చి, ఈ కానుక సంఘం వైద్య సహాయ నిధికి, ఈ ఏడు ముందుగా ఒక శస్త్రచికిత్సకి వాడదలిచాం, మిగిలింది ఇలాంటి అవసరాలకే ఉంటుంది అని ప్రకటిస్తే రెండు చిక్కులూ తగ్గుతాయి. ఎవరికి ఎంత ఇవ్వాలన్న నిర్ణయం మాత్రం నిజంగానే కమిటీ చేతిలో ఉండాలి. పైకి నిధి అని చెప్పి లోపల ఒకే ఇంటికి మళ్లిస్తే పేరు మార్చినంత మాత్రాన ఏమీ మారదు.

కథోలిక సంఘంలో ఈ కట్టుబాటు చట్టంగానే ఉంది. 1983 నాటి సంఘ ధర్మశాస్త్రంలో (కానన్ లా) 1267వ నియమం మూడో భాగం ప్రకారం, విశ్వాసులు ఒక నిర్దిష్ట ఉద్దేశానికి ఇచ్చిన కానుకని ఆ ఉద్దేశానికి మాత్రమే వాడాలి. మిగతా సంఘాల్లో ఇది చాలా దేశాల్లో ట్రస్టు చట్టాల ద్వారా దాదాపు ఇదే రూపంలో వర్తిస్తుంది. చర్చి పైకప్పు కూలిపోతోంది కాబట్టి పేదల కానుకలోంచి అప్పు తీసుకుందాం, జూన్‌లో కట్టేద్దాం అనే ఆలోచన ప్రతి కమిటీలోనూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పు అన్నా అది ఉల్లంఘనే. జూన్‌లో కట్టడమూ అరుదే.

విడి నోట్లు, కవర్లు, ఒకే చెక్కు

కవరు మీద కానుక పేరు, తేదీ, ఇచ్చినవారి పేరు, మొత్తం రాసే గళ్లు ఉండాలి. రంగు మామూలు కవరుకి పూర్తిగా వేరైనది కావాలి. లేత పసుపు, తెలుపు రాత్రి ఆరాధన వెలుతురులో ఒకేలా కనిపిస్తాయి. కవరు లేకుండా పడే విడి నోట్లే అసలు సమస్య. రెండు సంచులు తిరిగితే సులువు: ఏ సంచిలో పడితే ఆ పద్దు. ఒకే సంచి తిరిగే చోట మాత్రం, ఆ రోజు విడిగా పడే నగదు అంతా ప్రత్యేక కానుకకా, జనరల్‌కా అనేది ముందు వారమే ప్రకటించాలి. లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోకూడదు. అక్కడ మొత్తం కళ్లకి కనిపిస్తూ ఉంటుంది, నిర్ణయం దాన్ని బట్టి వంగుతుంది.

ఒకే చెక్కులో రెండు పద్దులు రాసేవాళ్లుంటారు, జనరల్ 1,000, క్రిస్మస్ 500 అని. చెక్కు మొత్తం ఒకే పద్దులో ఎక్కించడం సర్వసాధారణమైన తప్పు. చెక్కుని వెనక్కి పంపాల్సిన పనిలేదు, షీటులో రెండు గళ్లలో విడగొట్టి, పక్కన చెక్కు నంబరు రాస్తే చాలు. ఆన్‌లైన్‌లో అయితే పద్దు ఎంచుకునే చోట మొదటి వరసలో జనరల్ ఉంటుంది, తొందరలో ఉన్నవాళ్లు దాన్నే వదిలేస్తారు. పండుగ వారంలో ఆ కానుకకి విడిగా ఒక లింకు, విడిగా ఒక క్యూఆర్ కోడ్ పెట్టడం దీనికి మందు. డిసెంబరు చివరి రోజుల్లో కట్టింది బ్యాంకు ఖాతాలో పడేసరికి కొన్నిసార్లు కొత్త సంవత్సరం వస్తుంది. రశీదు మీద ఇచ్చిన తేదీ వేయాలి, బ్యాంకు తేదీ కాదు.

లెక్కింపు గదిలో పద్ధతి ఇది. చుట్టాలు కాని ఇద్దరు, వీలైతే ముగ్గురు కూర్చోవాలి. సంచి ఆరాధన స్థలం నుంచి గదికి చేరేదాకా ఒక్కరి చేతిలోనే ఉండకూడదు. పాస్టరుగారు, కోశాధికారి ఇద్దరూ లెక్కించేవాళ్లలో ఉండకపోవడమే మంచిది. అది వాళ్ల మీద అనుమానంతో కాదు, రేపు ఎవరైనా అనుమానిస్తే వాళ్లకే రక్షణ. ముందు కవర్లు విప్పి, పైన రాసిన మొత్తాన్ని లోపలి డబ్బుతో పోల్చాలి. పైన 500 అని ఉండి లోపల 400 ఉందనుకోండి: 500ని కొట్టేయకుండా పక్కనే 400 అని రాసి ఇద్దరూ పొట్టి సంతకం పెట్టాలి, ఆ కవర్ని ఆడిటు అయ్యేదాకా దాచాలి. తర్వాత విడి నోట్లు, నాణేలు, చెక్కులు వేరువేరుగా. నోట్ల విలువ వారీగా ఎన్ని అన్నది షీటులో రాయాలి, మొత్తం ఒక్కటే రాస్తే తేడా వచ్చినప్పుడు ఎక్కడ వచ్చిందో దొరకదు. ఒకరు లెక్కపెట్టాక ఇంకొకరు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలి, మొదటివారి అంకె చూడకుండా. షీటు రెండు ప్రతులు: ఒకటి డబ్బుతో, ఒకటి లెక్కించని మూడో మనిషికి. బ్యాంకు స్లిప్పు వచ్చాక ఆ మూడో మనిషే దాన్ని షీటుతో పోల్చాలి. అందులోంచి చిల్లర ఖర్చులకని ఒక్క నోటు కూడా తీయకుండా, వచ్చింది వచ్చినట్టే బ్యాంకులో వేయాలి.

క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధన దీనికి పెద్ద పరీక్ష. పది, పదకొండు గంటలకి ఆరాధన అయిపోతుంది, అందరికీ ఇంటికి వెళ్లాలని ఉంటుంది, మర్నాడు బ్యాంకు సెలవు, ఒక్కోసారి ఆ మర్నాడూ సెలవే. ఏడాదిలోకెల్లా పెద్ద మొత్తం లెక్కపెట్టకుండా ఎవరింట్లోనో రెండు మూడు రోజులు ఉండిపోయేది ఇప్పుడే. ఆ రాత్రి లెక్కించే ఓపిక లేకపోతే, విప్పితే తెలిసిపోయే నంబరున్న సంచిలో వేసి, ఇద్దరూ సీలు మీద సంతకం చేసి, నంబరు ఇద్దరూ విడివిడిగా రాసుకుని, రెండు తాళాలున్న బీరువాలో పెట్టాలి. రెండు తాళం చెవులూ ఒకే ఇంట్లో ఉండకూడదు. లెక్కింపు జట్టుని నవంబరులోనే ఖాయం చేసుకుంటే ఈ తిప్పలు తగ్గుతాయి.

పుస్తకంలో ఈ కానుకకి విడి పద్దు కావాలి, విడి బ్యాంకు ఖాతా తప్పనిసరి కాదు. బయటికి పంపాల్సిన వాటా సంఘానికి ఆదాయం కాదు, చెల్లించాల్సిన బాకీగా చూపించాలి. ఇలా చేయనిచోట డిసెంబరు ఆదాయం బాగా కనిపిస్తుంది, దాన్ని నమ్ముకుని జనవరిలో ఖర్చు పెంచేస్తారు, తీరా డబ్బు పంపే వేళకి ఖాతాలో ఉండదు. పంపడానికి 30 రోజుల గడువు పెట్టుకోవడం మంచిది. పంపేటప్పుడు కానుక పేరు, పద్దు కోడు, సంఘం నంబరు ఫారంలో నింపాలి. కోడు లేకుండా చేరిన డబ్బు అక్కడి ఆఫీసులో ఏ పద్దుకీ చేరకుండా పడి ఉంటుంది, ఇక్కడేమో పంపేశాం అనుకుంటారు.

ఊళ్లో ఉంచుకున్న వాటా

దూరం పంపడం కంటే దగ్గర పంచడమే కష్టం. ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

ముగ్గురు సభ్యుల చిన్న కమిటీ, రాసిపెట్టుకున్న కొలతలు: ఏ అవసరాలకి ఇస్తాం, ఒక ఇంటికి ఏడాదిలో గరిష్ఠంగా ఎంత, ఎవరి సిఫారసు చాలు, ఎన్ని రోజుల్లో జవాబు. కమిటీ సభ్యుడి బంధువు దరఖాస్తు వస్తే ఆ సభ్యుడు లేచి బయటికి వెళ్లాలి, ఆ సంగతి మినిట్స్‌లో ఎక్కాలి. అద్దె, కరెంటు, ఆసుపత్రి వంటివైతే డబ్బు నేరుగా ఇంటి యజమానికో ఆసుపత్రికో కట్టి రశీదు తీసుకోవడం ఆనవాయితీ. చేతికి నగదు ఇవ్వకూడదని మాత్రం మొండిగా పట్టుకోవద్దు. బస్సు చార్జీకీ మందులకీ బిల్లు తెమ్మనడం మనిషిని రెండుసార్లు తిప్పడమే. పరిమితి పెట్టి, వోచరు మీద సంతకం తీసుకుని ఇచ్చేయచ్చు. రాత్రివేళ వచ్చే అత్యవసరానికి పాస్టరుగారి దగ్గర కొంత చిన్న మొత్తం ఉంచి, వాడిన ప్రతిసారీ వోచరు తెచ్చాకే మళ్లీ నింపాలి.

రిజిస్టరులో పేర్లు ఉంటాయి, అది కమిటీ దాటి వెళ్లకూడదు. బయటికి చూపే కాగితంలో నంబర్లే. ఫొటోలు తీయడం, వేదిక మీదికి పిలిచి పంచడం పూర్తిగా మానేయాలి. దాతలకి ఏమిచ్చారో తెలియాలి నిజమే, ఎవరికిచ్చారో తెలియాల్సిన పనిలేదు.

అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు డిసెంబరులోనే అంతా పంచేయడం. పండుగ వారంలో ఒకే ఇంటికి మూడు చోట్ల నుంచి బుట్టలు చేరతాయి, ఫిబ్రవరిలో అద్దె కట్టలేనివాడికి ఒక్కచోటా దొరకదు. స్థానిక వాటాలో మూడోవంతు పండుగకి, మిగతాది తొమ్మిది, పది నెలలకి సర్దడం ఆచరణలో బాగా నడుస్తుంది. ఇది కూడా ప్రకటనలోనే చెప్పాలి, లేకపోతే ఇంకా ఖర్చు పెట్టలేదేమిటి అనే ప్రశ్న మార్చిలో తప్పదు. చుట్టుపక్కల సంఘాలతో జాబితా కలుపుకుంటే రెట్టింపు పంపకం తగ్గుతుంది, అయితే దానికి తీసుకునేవారి అనుమతి కావాలి.

వస్తు రూపంలో ఇచ్చే కానుకల గురించి ఒక్క మాట. సాల్వేషన్ ఆర్మీ 1979లో వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో ఒక క్రిస్మస్ చెట్టుకి పిల్లల కోరికలు రాసిన చీటీలు వేలాడదీసింది. ఏంజెల్ ట్రీ అనే ఆ పద్ధతి తర్వాత చాలా చర్చిలకి పాకింది. చీటీ మీద పేరుకి బదులు నంబరు, వయసు, బట్టల కొలత, చెప్పుల సైజు ఉండాలి. తీసుకెళ్లిన చీటీల్లో కొన్ని తిరిగిరావు, ఇది అనుభవమున్న ప్రతివారికీ తెలుసు. అందుకే ఎవరు ఏ నంబరు తీసుకున్నారో రాసుకోవాలి, వస్తువులు అందించే గడువు పంపిణీకి పది రోజుల ముందు పెట్టాలి, రాని చీటీలకి కొనడానికి మొత్తంలో పదోవంతు నగదు చేతిలో ఉంచుకోవాలి. పొట్లాలు తల్లిదండ్రుల చేతికివ్వాలి, పిల్లలకి వాళ్లే ఇచ్చుకుంటారు. వాడిన బట్టలు మాత్రం తెమ్మనకండి. ఏరి, ఉతికి, సైజులు విడగొట్టే మనుషులు పండుగ వారంలో దొరకరు. అదే విలువకి డబ్బొస్తే టోకున కొనచ్చు, అవసరమైనదే కొనచ్చు.

లెక్క చెప్పడం, మిగిలింది తేల్చడం

ప్రకటన ఎంత ఘనంగా చేశారో లెక్క అంత ఘనంగా చెప్పాలి, అదే చోట. వచ్చింది ఇంత, బయటికి పంపింది ఇంత, ఫలానా తేదీన, అక్కడి రశీదు నంబరు ఇది, స్థానిక వాటా ఇంత, ఇప్పటిదాకా ఇన్ని ఇళ్లకి ఇంత, నిల్వ ఇంత. ఐదు వరసలు చాలు. పంపిన 60 రోజుల్లో ఒకసారి, సంవత్సరాంతంలో ఇంకోసారి. ఈ కాగితం రాని చోట మరుసటి ఏడు కానుక తగ్గితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఒకే ఏడాదిలో మరీ ఎక్కువ ప్రత్యేక కానుకలు పెట్టినా తగ్గుతుంది. యునైటెడ్ మెథడిస్టు వారికి కానుకతో కూడిన ప్రత్యేక ఆదివారాలు ఆరున్నాయి, అవన్నీ ఒకే ఉత్సాహంతో నడపడం ఏ చిన్న సంఘానికైనా కష్టమే. రెండు మూడు ఎంచుకుని గట్టిగా నడపడం మేలు.

నిల్వ మిగిలితే, తీర్మానంలోని ఐదో సంగతి రాసి ఉంటే దాని ప్రకారం వెళ్తుంది. రాసి లేకపోతే పద్ధతి ఇది: ముందు అదే ఉద్దేశానికి దగ్గరగా ఉన్న ఇంకో అవసరాన్ని కమిటీ గుర్తించాలి, తర్వాత కవర్ల మీద పేర్లున్న దాతలకి ఉత్తరం రాసి, ఇలా వాడదలిచాం, అభ్యంతరముంటే ఫలానా తేదీలోగా చెప్పండి, మీ వాటా తిరిగిస్తాం అని తెలపాలి. పేరు లేని విడి నోట్ల వాటాకి అడగడానికి మనిషి ఉండడు. దాన్ని ఉద్దేశం మార్చకుండా వచ్చే ఏటి అదే కానుకలో కలపడం సురక్షితం. మొత్తం పెద్దదైతే, లేదా ఆ అవసరమే శాశ్వతంగా లేకుండాపోతే, ఉద్దేశం మార్చే అధికారం చాలా దేశాల్లో కమిటీకి కాదు, కోర్టుకో ధార్మిక సంస్థలని చూసే ప్రభుత్వ అధికారికో ఉంటుంది. అక్కడిదాకా వచ్చేముందు ఒక వకీలుని అడగాలి, ఆయన ఫీజు కూడా జనరల్ ఫండ్‌లోంచే.